విరుపు నేర్పని చదువు

కొద్ది నెలల క్రితం జగిత్యాలకు దగ్గరలోని ఒక ఊరి బడికి వెళ్ళవలసి వచ్చింది. ఆ బడి పేరు ఇక్కడ అప్రస్తుతం. అది ఏ ఊరి బడి అయినా కావచ్చును. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుడు కనిపిస్తే పిల్లల చేత చదివించి వినిపించడం మన బళ్ళలో ఒక మర్యాద. మూడవ తరగతి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, ఫోనులో నిమిషం గడియారం పెట్టి, ఒక చిన్న కథను చదివిస్తున్నారు. మొదట వచ్చిన అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చదివింది. కామా లేదు, చుక్క లేదు, వడగండ్లు రాలినట్లు పదాలు రాలినవి. నిమిషంలో 70 దాటింది. "శభాష్" అన్నారు. తరువాత ఒక పిల్లవాడు వచ్చాడు. ఒక ముక్క చదివి, ఆగి, తరువాతి ముక్కను కళ్ళతో చూసుకొని, మళ్ళీ నోరు తెరిచాడు. 40 దాటలేదు. కాగితం మీద అతని పేరుకు ఎదురుగా వెనుకబడినట్లు గుర్తు పెట్టారు.

నాకు ఊరక ఉండబుద్ధి కాలేదు. ఇద్దరినీ దగ్గరకు పిలిచి, కథలో కుందేలు ఎందుకు ఏడ్చిందని అడిగాను. అమ్మాయి నా ముఖం చూసింది, పుస్తకం చూసింది, పాఠాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవడం ప్రారంభించింది. పిల్లవాడు "దాని పిల్ల తప్పిపోయింది గద సార్" అన్నాడు.

ఇద్దరిలో వెనుకబడినది ఎవరు? ఆ అమ్మాయిని నిందించడం నా ఉద్దేశం కాదు. మనం అడిగిన దానిని ఆమె మనకు ఇచ్చింది. అడిగినవారిదే తప్పు. మన బళ్ళలో అక్షరాలు నేర్పుతున్నాము, గుణింతాలు నేర్పుతున్నాము, ఒత్తులు నేర్పుతున్నాము, ఇప్పుడు కొత్తగా వేగం నేర్పుతున్నాము. విరుపు మాత్రం నేర్పడం లేదు. వాక్యంలో ఏ పదం ఏ పదంతో కలిసి పోతుంది, ఎక్కడ ఆగవచ్చును, ఎక్కడ ఆగరాదు అనే తెలివిని మా పెద్దలు విరుపు అనేవారు. అది లేని చదువు ఎంత వేగంగా సాగినా చదువు కాదని నా వాదన. ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఒక్కటే. కోరుట్లలో పుట్టి, జగిత్యాలలో చదివి, సిరిసిల్లలో ఎక్కువకాలం తెలుగు పాఠం చెప్పినవాడిని. 2016కు ముందు ఈ మూడు ఊళ్ళూ కరీంనగర్ జిల్లాలోనివే; ఇప్పుడు మొదటి రెండు ఒక జిల్లాలో, సిరిసిల్ల మరొక జిల్లాలో ఉన్నవి. పిల్లల చదువు సంగతి మాత్రం మూడు చోట్లా ఒకటే.

విరుపు అంటే ఏమిటో నాకు బడిలో తెలియలేదు, ఒక ఉత్తరం వల్ల తెలిసింది. 1978లో నేను ఎనిమిదవ తరగతి. మా వాడకట్టులో మస్కట్టుకో దుబాయికో పోయిన మగవారు అప్పటికే కొందరు ఉండేవారు. ఇంటి దగ్గర ఆడవారు చాట ఒళ్ళో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టేవారు. ఉత్తరం వస్తే చదివి పెట్టడానికి నన్ను పిలిచేవారు. తరగతిలో అందరికన్న వేగంగా చదివేవాడినని నాకు పేరు. ఒకరోజు పక్కింటి వదిన పల్చని విమానం కాగితం ఒకటి నా చేతికిచ్చింది. అందులో కామాలు లేవు, చుక్కలు లేవు. ఒక పంక్తి చివర "వచ్చే నెల రాను" అని ఉన్నది. నేను గట్టిగా "వచ్చే నెల రాను" అని చదివి ఆగినాను. పంక్తి అయిపోయింది గనుక ఆగినాను, వేరే కారణం లేదు. తరువాతి పంక్తిలో "పోను టికెటు కంపెనీ ఇస్తనంటున్నది" అని ఉన్నది. దానిని కూడా అంతే గట్టిగా చదివాను. వదిన అప్పటికే చాట కింద పెట్టి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది.

అరుగు మీద కూర్చున్న తాత ఉత్తరం అందుకున్నాడు. ఆయన పాత వీధిబడిలో చదివిన మనిషి. కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, తొందర లేకుండా, "వచ్చే నెల... రానుపోను టికెటు... కంపెనీ ఇస్తనంటున్నది" అని చదివి, "ఏడుస్తవేందుకమ్మా, వాడు వస్తుండు" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "అచ్చరాలు చదివినవు బిడ్డా, మాట చదువలే" అన్నాడు.

ఇన్నేళ్ళుగా నేను చెప్పిన పాఠాలన్నీ ఆ ఒక్క మందలింపుకు వ్యాఖ్యానాలే. నేను తప్పు చదివిన అక్షరం ఒక్కటీ లేదు. పదాల లెక్కలో నాకు నూటికి నూరు. అయినా ఒక ఇంటికి లేని దుఃఖాన్ని చదివి వినిపించాను. "రానుపోను" ఒక మాట అని నాకు తెలియదా? బాగా తెలుసు. రానుపోను బస్సు కిరాయి ఎంతో రోజూ చెప్పుకునే ఊరు మాది. నోట తెలిసిన మాటను కాగితం మీద గుర్తుపట్టలేకపోయాను. మన పిల్లలకు వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. వారికి తెలుగు రాదని అనేవారు పొరబడుతున్నారు. వచ్చిన తెలుగును అచ్చులో పోల్చుకోవడం మనం వారికి నేర్పలేదు.

ఇప్పుడు ఆ గడియారం సంగతికి వస్తాను. కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్ పథకాన్ని ప్రారంభించింది. అందులో రెండవ తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడవ తరగతి ముగిసేసరికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టారు. తెలంగాణలో 2022లో తొలిమెట్టు వచ్చింది. ఈ పథకాల ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయిదవ తరగతికి వచ్చినా కూడబలుక్కొని చదివే పిల్లలను చూసి గుండె తరుక్కుపోయినవాడిని. ప్రభుత్వం కళ్ళు తెరిచినందుకు సంతోషించినవాడిని. లక్ష్యాలలో "అర్థం చేసుకొని" అన్న మాట కూడా ఉన్నది. అయితే గడియారానికి అర్థం తెలియదు. కాగితం మీద అంకె వేయడానికి ఒక గడి, అర్థానికి మరొక గడి ఉంటే, తనిఖీ నాడు నిండేది అంకె గడి. నెల తిరిగేసరికి పంతులు అంకె కోసమే నేర్పుతాడు, పిల్ల అంకె కోసమే చదువుతుంది.

అందులోనూ తెలుగులో పదాలు లెక్కపెట్టడం ఎంత అర్థరహితమో ఆలోచించండి. "చెప్పుకోలేకపోతున్నామంటే" అన్నది మనకు ఒకే పదం. ఇంగ్లీషులో అదే భావానికి అరడజను పదాలకు పైగా కావాలి. "చేసిపెట్టు" అని కలిపి అచ్చువేస్తే ఒక పదం, "చేసి పెట్టు" అని విడదీస్తే రెండు. రెండూ మన పుస్తకాలలో ఉన్నవి. అంటే పిల్లవాని ప్రతిభను కొలుస్తున్నామని అనుకుంటూ, అక్షరాలు కూర్చిన మనిషి ఖాళీ మీట ఎన్నిసార్లు నొక్కాడో లెక్కపెడుతున్నాము. తాళపత్రాల మీద పదానికీ పదానికీ నడుమ ఖాళీయే ఉండేది కాదు. లాటిన్ గ్రంథాలలో కూడా ఒకప్పుడు అంతే. ఏడు, ఎనిమిది శతాబ్దాలలో ఐర్లండు సన్యాసులు పదాల నడుమ ఖాళీ వదిలే అలవాటును బలపరిచారు. ఖాళీ అన్నది కంటికి చేసిన సాయం మాత్రమే. భాష నడక ఖాళీల ప్రకారం ఉండదు.

కొలిచేవారందరూ ఇట్లా లేరన్నది కూడా చెప్పాలి. 2005 నుంచి మన దేశంలో అసర్ సర్వేకు ఇంటింటికీ వెళ్ళే యువకులకు ఒక సూచన ఇస్తారు. పిల్లవాడు నెమ్మదిగా చదివినా సరే, విడివిడి పదాల వరుసలాగా కాక వాక్యంలాగా చదివితేనే ఆ మెట్టు దాటినట్లు గుర్తించమంటారు. అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలకు తయారుచేసిన పఠన కొలమానంలో నాలుగు మెట్లున్నవి. ఒక్కొక్క పదంగా చదివేవాడు మొదటి మెట్టు. రెండేసి పదాలుగా చదివేవాడు రెండవ మెట్టు. మూడు నాలుగు పదాల గుంపులుగా చదివేవాడు మూడవ మెట్టు. అర్థవంతమైన పెద్ద పదబంధాలుగా, కథ చెప్పినట్లు చదివేవాడు నాలుగవ మెట్టు. ఈ కొలమానంతో చూస్తే ఆ బడిలో "వెనుకబడిన" పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటాడో మీరే చెప్పండి.

దీని వెనుక ఉన్న కారణం కూడా గహనమేమీ కాదు. మనసు ఒకేసారి పట్టుకోగలిగిన ముక్కలు కొద్ది మాత్రమే. 1956లో జార్జి మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ సంఖ్య ఏడుకు అటూ ఇటూగా ఉంటుందని రాశాడు. తరువాతివారు దానిని ఇంకా తగ్గించారు. చిన్న ముక్కలను కలిపి పెద్ద ముక్కలు చేసుకుంటే ఎక్కువ పట్టుకోగలమని కూడా ఆయనే చూపించాడు. ఇది ఏ భాషకైనా వర్తిస్తుంది గాని, తెలుగుకు మరింత వర్తిస్తుంది. ఎందుకంటే మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరు, ఎక్కడ, దేనిని, ఎట్లా అన్నవన్నీ మోసుకొంటూ చివరిదాకా నడిస్తే గాని ఏమి జరిగిందో తెలియదు. పది పదాలను పది ముక్కలుగా మోసే పిల్ల క్రియ దగ్గరికి వచ్చేసరికి మొదటి నాలుగింటిని దారిలో జారవిడుస్తుంది. మూడు ముక్కలుగా మోసే పిల్లకు అన్నీ మిగులుతవి.

విరుపు ఎక్కడ ఉంటుందో తెలుగు తానే చెప్తుంది. కు, లో, తో, నుంచి వంటి ప్రత్యయాలు మాట చివర వస్తవి; అవి వచ్చాయంటే ఒక ముక్క ముగియబోతున్నదని అర్థం. "చేసి", "చూస్తూ", "వస్తే" వంటి అసమాపక క్రియల తరువాత ఊపిరి పీల్చుకోవచ్చును. "అని" వచ్చిందంటే ఎవరో అన్న మాట అక్కడితో పూర్తయింది. విశేషణాన్ని దాని విశేష్యం నుంచి విడదీయరాదు. ఇవన్నీ వ్యాకరణ సూత్రాలుగా చెప్తే పిల్లలు పారిపోతారు. కాని నోటితో మాట్లాడేటప్పుడు అయిదేళ్ళ పిల్లకు కూడా వీటిలో ఒక్కటీ తప్పిపోదు.

సిరిసిల్లలో నా తరగతి పిల్లలలో సగం మంది తండ్రులు సాంచాల మీద పనిచేసేవారు. ఒకనాడు నల్లబల్ల మీద ఈ వాక్యం రాశాను: "మొన్న సంతకు పోయిన మా నాయన తెచ్చిన గొర్రెపిల్లను తమ్ముడు రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్నడు." ఒక పిల్లవాడు లేచి, "మొన్న సంతకు" అని చదివి ఆగి, "పోయిన మా నాయన" అన్నాడు. వెనుక బల్ల నుంచి ఇంకొకడు, "సార్, వాళ్ళ నాయన సచ్చిపోయిండా?" అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నవ్వు ఆగిన తరువాత ఆ పిల్లవాడే మళ్ళీ చదివాడు. "మొన్న సంతకు పోయిన మా నాయన / తెచ్చిన గొర్రెపిల్లను / తమ్ముడు రాత్రంతా / ఒళ్ళో పెట్టుకున్నడు." ఒక విరుపు తప్పితే తండ్రి చనిపోతాడు, విరుపు సరిపడితే బతికి వస్తాడు. ఆ పాఠాన్ని వారికి నేను రెండవసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

అప్పటి నుంచి నేను చేసింది చాలా చిన్న పని. ముందు పాఠాన్ని నేను ముక్కలు ముక్కలుగా చదివేవాడిని, పిల్లలు ముక్కకు ముక్క అనేవారు. ఒక్కొక్క పదం చెప్పి అనిపించడం మానివేశాను. బృందగానంలా పదం వెనుక పదం అనిపించే పద్ధతి విరుపుకు మొదటి శత్రువు. రెండవ నాడు పిల్లలే పెన్సిలుతో పాఠంలో గీతలు పెట్టేవారు. ఇద్దరు రెండు రకాలుగా పెడితే ఎందుకు అట్లా పెట్టావని ఒకరినొకరు అడిగేవారు. చాలాసార్లు ఇద్దరిదీ సరైనదే అయ్యేది. ఆ తగాదాయే అసలు పాఠం; అర్థం తెలియకుండా ఎవరూ గీత గురించి వాదించలేరు. తరువాత అదే భాగాన్ని మూడు నాలుగుసార్లు చదివేవారు. చివరకు రబ్బరుతో గీతలు తుడిచి చదివేవారు. ఒకే భాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివించడం వల్ల ధారాళత పెరుగుతుందని అమెరికాలో శామ్యూల్స్ 1979లో రాసిన సంగతి నాకు చాలాకాలం తరువాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిన గురువు మా అరుగు మీది తాత ఒక్కడే. ఈ పద్ధతికి ఖర్చయింది పిల్లకొక పెన్సిలు.

ఆ తాతకు విరుపు ఎక్కడి నుంచి వచ్చింది? ఆయనకు ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం కంఠస్థం. ధర్మపురి మాకు ఎంతో దూరం కాదు. ఆ శతకం సీస పద్యాలలో ఉన్నది. సీస పాదంలో ఎనిమిది గణాలు, నాలుగేసిగా రెండు భాగాలు. ప్రతి పాదం నడుమ ఒక తూగు, ఒక నిలకడ. తాత ముందు రాగం తీసి పద్యం చదివేవాడు, తరువాత రాగం వదిలి మాటగా చెప్పేవాడు. మొదటిది ఛందస్సు విరుపు, రెండవది అర్థం విరుపు. రెండూ వేరని వింటూ వింటూనే తెలిసేది. మన పాత పండితులు దానినే అన్వయం అన్నారు. ఇప్పుడు అన్వయం పోయి గైడులోని ప్రతిపదార్థం మిగిలింది. పద్యాన్ని మాటలుగా తుంచి ఎదురుగా అర్థం రాయించడమే పద్యబోధన అయింది. తుంచిన మాటలను మళ్ళీ కట్టేది ఎవరు?

సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారి బడి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. చిన్ననాడు ఆయనను పట్టి నిలిపినవి హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు. 1988లో జ్ఞానపీఠం అందుకున్న తెలుగు కవికి తెలుగు నుడి ముందు చెవి ద్వారా ఎక్కిందన్న మాట మన విద్యాశాఖలు కొంచెం ఆలోచించవలసినది. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ చిన్న కవితలు చూడండి. పంక్తులు పొట్టిగా, మాట ఎక్కడ విరుగుతుందో అక్కడే విరుగుతవి. కూడబలుక్కొనే పిల్లల చేతికి పేజీ నిండిన వచనం ఇవ్వడానికి ముందు అటువంటి కవితను ఇస్తే, విరుపు వారి కంటికి కనబడుతుంది. నేను ఇచ్చి చూశాను.

నాకు వచ్చే ఆక్షేపణలు తెలుసు. అక్షరాలే రాని పిల్లలకు విరుపు ఏమిటని మొదటి మాట. నిజమే, అక్షరం ముందు రావాలి. అక్షరం వచ్చిన తరువాత కూడా మనం ఏళ్ళ తరబడి అక్షరం దగ్గరే నిలిచిపోతున్నామని నా ఫిర్యాదు. సిలబస్ పూర్తికాదని రెండవ మాట. అర్థం కాకుండా పూర్తయిన సిలబస్ ఎవరికి పూర్తయినట్లు?

మూడవ మాటను కొంచెం కోపంతోనే ఎత్తుకుంటున్నాను. ఇక్కడి పిల్లలది యాస, పుస్తకానిది మంచి భాష, అందుకే చదవలేరని అంటారు. పుస్తకంలో "తీసుకువచ్చాడు" అని ఉంటుంది, మా పిల్ల "తెచ్చిండు" అంటుంది. క్రియ చివర మారింది. వాక్యం కట్టు ఏమాత్రం మారలేదు. ముక్కలు అవే, వరుస అదే, ఆగే చోట్లు అవే. పిల్ల నోటి మాటను మొదటి నాడే "అట్లా అనరాదు" అని కొట్టివేసిన పంతులు, ఆమెకు విరుపు నేర్పగలిగిన ఒకే ఒక పనిముట్టును విరగగొట్టి పారవేస్తున్నాడు. ముందు ఆమె మాటలో వాక్యం చెప్పించండి, ఎక్కడ ఆగిందో చూపించండి, తరువాత పుస్తకం వాక్యంలో అదే చోటును వెదకమనండి. యాస అడ్డు కాదు, మెట్టు.

ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన తరువాత తెలుగు విరుపుతో పనేమిటన్నది చివరి మాట. 2022-23 నుంచి మన ప్రభుత్వ బళ్ళలో ఒక వైపు తెలుగు, ఎదురు వైపు ఇంగ్లీషు అచ్చువేసిన పుస్తకాలు వచ్చినవి. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మనకు "ఇంట్లో" అన్నది ఒక ముక్క. ఇంగ్లీషులో "ఇన్ ద హౌస్" మూడు పదాలు, అయినా ముక్క ఒకటే. మనకు ప్రత్యయం చివర వస్తే వారికి ముందు వస్తుంది. ముక్క అంటే ఏమిటో తన భాషలో తెలిసిన పిల్లకు ఈ తేడాను ఒక పూటలో చూపించవచ్చును. తెలియని పిల్ల "ఇన్" అని ఒకసారి, "ద" అని ఒకసారి, "హౌస్" అని ఒకసారి అరుస్తుంది. ఇప్పుడు అరుస్తున్నది కూడా.

ఉత్తరాల కాలం పోయింది. గల్ఫ్ నుంచి ఇప్పుడు ఫోనులో మాటే వస్తుంది, ముఖమే కనబడుతుంది. కాని ఆ ఇళ్ళకు వచ్చే కాగితాలు తగ్గలేదు. బ్యాంకు వారి అప్పు కాగితం, బీమా కాగితం, ఏజెంటు సంతకం పెట్టమని తెచ్చే ఒప్పందం. వాటిలో వాక్యాలు పంక్తులు పంక్తులు సాగుతవి. "చెల్లించని యెడల" అన్న ముక్క ఏ మాటతో కలుస్తుందో తెలియక వేలిముద్రకు బదులు సంతకం పెట్టినంత మాత్రాన ఆ ఇంటికి చదువు వచ్చినట్లు కాదు.

బడి నుంచి వచ్చేటప్పుడు, ఆ పిల్లవాని పేరుకు ఎదురుగా పెట్టిన గుర్తును మార్చమని అడిగాను. అక్కడి ఉపాధ్యాయుడు మంచివాడు, నా మాటను కాదనలేదు. "యాప్‌లో ఎక్కించినం సార్, ఇప్పుడు మార్చరాదు" అన్నాడు. పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి వింటున్నాడు.

మీ ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే ఈ రాత్రి ఒక్క పని చేయండి. గడియారం పక్కన పెట్టి ఒక పేరా చదివించండి, ఎక్కడెక్కడ ఆగుతున్నారో వినండి. పంక్తి చివర ఆగుతున్నారా, మాట చివర ఆగుతున్నారా? పంక్తి చివర ఆగుతుంటే ఒక పెన్సిలు ఇచ్చి పక్కన కూర్చోండి.